గాజుముక్కకు రాని వంతు

మొన్న ఒక ఆదివారం పొద్దున, ఆదోనిలో మా కూతురి ఇంటి వాకిట్లో కూర్చొని నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ ఉంటే, మా మనవరాలు పక్కన మెట్టు మీద కూర్చొని తన డిగ్రీ మొదటి ఏడాది గణాంకశాస్త్రం పుస్తకంలోని లెక్కలు పైకి చదువుకుంటూ ఉంది. ఒక సంచిలో ఐదు ఎర్ర బంతులు, ఆరు నల్ల బంతులు ఉన్నాయట, చూడకుండా చేయి పెట్టి ఒకటి తీస్తే అది ఎర్రదయ్యే సంభావ్యత ఎంత అని ఆ లెక్క. ఆ పిల్ల ఏ లెక్క చదివినా సంచులు, బంతులు, నాణేలు, పాచికలే వస్తున్నాయి, కాలేజీ చదువంతా ఆటసామాన్ల అంగడిలాగుందని నాలో నేను నవ్వుకున్నాను గాని, ప్రతి సంచి లెక్కలోనూ బంతులన్నీ ఒకే పరిమాణంలో ఉన్నవి అనే మాట తప్పకుండా రావడం మాత్రం వింతగా తోచింది. పుస్తకం ఇటిమ్మని అడిగి తీసుకొని, అక్షరాల కింద వేలు పెట్టుకొని నేనే చదువుకున్నాను. చదవడం వచ్చి ఇరవై ఏళ్ళు దాటినా నాకు ఇంకా ఆ వేలు కావాలి. మాట అక్కడ ఉన్నమాట నిజమే. బంతి బంతే గదా, ఇది ప్రతిసారీ ఎందుకు చెప్పడం అని అడిగితే ఆ పిల్ల తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"అట్ల చెప్పకుంటే లెక్కే నిలబడదవ్వా. పెద్దదైతే చేతికి ముందు తగుల్తాది, గుచ్చుకునేదైతే చెయ్యే ఎనక్కి వస్తాది. ఇంక అందరికీ సమానం యాడుంటాది?"

గుచ్చుకునేది అన్న మాట దగ్గర నా చేయి ఆగిపోయింది. మా అక్క జ్ఞాపకం వచ్చింది.

అక్క జ్ఞాపకం రావడానికి ఇంకొక కారణం కూడా ఉంది. అంతకు నాలుగు రోజుల ముందే ఎమ్మిగనూరు నుంచి అక్క కూతురు నాకు ఫోను చేసి, వాళ్ళ వీధి బడిలో పెద్దవాళ్ళకు మధ్యాహ్నం పూట చదువు చెబుతారట, వచ్చే వారం శనివారం దాకా పేర్లు రాసుకుంటారట, అమ్మను పొమ్మంటే ససేమిరా అంటోంది, నువ్వైనా చెప్పు పిన్నీ అని మొరపెట్టుకుంది. నేను ఫోన్లోనే చెప్పి చూశాను. అక్క ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. అట్లాంటివి తనకు తగలవట, తన రాత అట్లాంటిదట. ఆ మాట నేను పాతికేళ్ళుగా వింటున్నాను. ఏనాడూ ఎదురు చెప్పలేకపోయాను, ఎందుకంటే నాకు తెలిసినంతలో అది నిజమే.

అది నిజమని నేను ఎందుకు నమ్మానో చెప్పాలంటే, ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య ఉన్న మా ఊరి పత్తిచేన్లలోకి మిమ్మల్ని తీసుకుపోవాలి. నా వయసు వాళ్ళు, పత్తి విడిపించిన చేతులు ఉన్నవాళ్ళు, మీకు నేను వేరే చెప్పనక్కరలేదు. మంచు ఆరకముందే చేనుకు పోవడం, కొంగును ఒడిగా కట్టుకొని సాలు పట్టడం, పొద్దు వాలేసరికి వేళ్ళ సందుల్లో గీతలు పడి పులుసన్నం కలుపుకుంటే మండడం, ఇవన్నీ మీకూ గుర్తుంటాయి. నేనూ అక్కా ఒకే ఇంటి అన్నదమ్ములకు ఇల్లాళ్ళమై వచ్చినవాళ్ళం, నాకంటే అక్క నాలుగేళ్ళు పెద్ద. మా గుంపులో మొత్తం పదకొండు మందిమి. గుంపుకు పెద్ద మా ఆయన పెద్దమేనత్త, అందరం పెద్దత్త అనేవాళ్ళం. రైతుతో మాట్లాడేది ఆమే, పని పంచేది ఆమే, పదకొండు మందిలో ఒక్కరికీ ఒక్క అక్షరం రాకపోయినా మా మధ్య ఏనాడూ తగవు రాకుండా నడిపింది ఆమే.

తగవు రాకుండా ఉండేదంటే దానికి మాకొక పద్ధతి ఉండేది. పదకొండు మందిలో ఒకరికే దక్కేవి రోజూ ఏవో ఒకటి ఉండేవి. పత్తి నింపిన ట్రాక్టరు ఆదోని మార్కెట్ యార్డుకు పోయేటప్పుడు పైన కూర్చొని పోయేది ఒక్కరే. ఆ పూటకు వాళ్ళకు చేను తప్పేది, యార్డులో కొండలాంటి పత్తి రాశులు చూడొచ్చు, తిరిగి వచ్చేటప్పుడు రైతు సోడా తాపించేవాడు. పని చివర్న రైతు భార్య పెట్టే చీర ఒక్కటే. మంచివే కాదు, ఎవరికీ వద్దనిపించేవీ ఉండేవి. కంపచెట్ల పక్కన గుచ్చుకునే సాలు ఎవరో ఒకరు పట్టాలి, దూరంగా ఉన్న బోరు నుంచి నీళ్ళబిందె ఎవరో ఒకరు మోయాలి. ఇలాంటివాటికి చీటీలు వేస్తారు గదా లోకంలో, మాకు రాసేవాళ్ళూ లేరు, రాస్తే చదివేవాళ్ళూ లేరు. అందుకని ఒక్కొక్కరం ఒక్కొక్క వస్తువు గుర్తుగా పెట్టుకున్నాం. ఒకామెది చింతపిక్క, ఒకామెది గవ్వ, ఒకామెది ఆముదపు గింజ, మా వదినది సోడామూత, పెద్దత్తది నున్నటి గులకరాయి. నాది మా ఆయన పాత కోటుది, నాలుగు బెజ్జాల లావు గుండీ. అక్కది తన పెళ్ళిగాజుల్లో చిట్లినదాని ముక్క, ఆకుపచ్చది. అక్కకు ఇంట్లో తనదంటూ ఉన్న వస్తువు అదొక్కటే అనుకుంటాను.

అన్నిటినీ పెద్దత్త వక్కాకు తిత్తిలో వేసేవాళ్ళం. ఆ తిత్తి వాసన నాకు ఇప్పటికీ తెలుసు, సున్నమూ పొగాకూ కలిసిన వాసన. దాని మూతి ఇరుకు, మూడు వేళ్ళకంటే పట్టవు. తీసేది ఎప్పుడూ పెద్దత్తే. కళ్ళు గట్టిగా మూసుకొని, ముఖం ఆకాశం వైపు తిప్పి, మూడు వేళ్ళు లోపలికి పెట్టి, ఏది వస్తే అది తీసి అరచేతిలో చూపించేది. ఆమెను ఎవరూ ఎన్నడూ అనుమానించలేదు, అనుమానించవలసిన మనిషీ కాదు. తన గులకరాయి వస్తే సిగ్గుపడి ముఖం పక్కకు తిప్పుకునేది. కళ్ళు మూసుకొని తీశారంటే అది దేవుడు తీసినట్టేనని మేమందరం నమ్మాం.

ఆ తిత్తిలోంచి మా అక్క గాజుముక్క ఏనాడూ రాలేదు.

మొదట్లో ఎవరూ పట్టించుకోలేదు. ఒక సుగ్గి, అదే పత్తి తీసే కాలం, గడిచింది, రెండు గడిచాయి. యార్డుకు మిగతావాళ్ళందరం తలా నాలుగైదు సార్లు పోయివచ్చాం, అక్క ఒక్కసారీ పోలేదు. ఇన్నిసార్లు రాలేదు గదా, ఈసారి రాక ఎక్కడికి పోతుంది అని మేము ప్రతిసారీ ధైర్యం చెప్పేవాళ్ళం. అట్లా చెప్పడం మంచిదే అనుకునేవాళ్ళం గాని, రాబోతున్నదని ఆశపెట్టి రాకపోయినప్పుడు కలిగే బాధ, ఊరికే రాకపోయినదానికంటే రెండింతలని అప్పుడు మాకు తోచలేదు. మా వదిన నోటికి ఏదొస్తే అది అనే మనిషి. ఒకసారి తిత్తి ముడి వేస్తూ, "ఏమ్మే, నీ గాజుముక్క ఈ తిత్తిలోనే కాపురం పెట్టినట్టుండాది, బయటికొచ్చే యోచనే లేదు" అన్నది. అందరం నవ్వాం. అక్క కూడా నవ్వింది. ఆ సాయంత్రమే ఇంటికి వచ్చి ఆకుపచ్చ ముక్కను గోడ అవతల పారేసి, జాతరలో కొనుక్కున్న కొత్త ఎర్రగాజును రాతి మీద కొట్టి కొత్త ముక్క చేసుకుంది. రంగు మారిస్తే రాత మారుతుందేమో అనుకుంది. ఆ రాత మారలేదు. ఇప్పుడు తలచుకుంటే, ఆ కొత్తముక్క అంచు పాతదానికంటే పదునుగా ఉండి ఉంటుంది.

నాలుగో ఏడు మా ఊరి బడి పంచలో ఆడవాళ్ళకు చదువు చెప్పడానికి ఆదోని నుంచి ఒక టీచరమ్మ రావడం మొదలుపెట్టింది. ఈ కబురు చేనుకు మోసుకొచ్చింది మా అక్కే. పత్తి నింపే గోనె బోరేల మీద నల్లరంగుతో అచ్చువేసిన అక్షరాలుంటాయి చూడండి, ఏ బోరెం దొరికినా అక్క ఆ అక్షరాల మీద వేలు పోనిస్తూ ఉండేది, అవేమిటో తెలియకపోయినా వాటి వంపులన్నీ దాని వేలికి తెలుసు. టీచరమ్మ ఆరు గంటల బస్సుకు తిరిగి పోవాలి, కాబట్టి చదువు నాలుగున్నరకే మొదలు. మాకు చేను ఐదున్నరకు గాని వదలదు. పెద్దత్త పోయి రైతును అడిగింది. ఇద్దరు పోతే పత్తి చేన్లోనే నిలిచిపోతుంది, ఒక్కరు పోండి, ఆమె సాలు మిగతావాళ్ళు ముగించాలి అని ఆయన ఒప్పుకున్నాడు. ఆ ఒక్కరు ఎవరని తిత్తి తెచ్చారు.

ఆ పొద్దు అక్క ముఖం నాకు ఇంకా కళ్ళ ముందే ఉంది. అంతవరకు చీరకో సోడాకో దాని ముఖం అట్లా మారగా నేను చూడలేదు. అందరూ ఈసారి నీదే, ఈసారి నీదే అన్నారు. పెద్దత్త కళ్ళు మూసుకొని పెదవులతో ఏదో అనుకొని చేయి పెట్టింది. వేళ్ళు లోపల కొంచెంసేపు కదిలాయి. చేయి బయటికి వచ్చి విచ్చుకుంటే అందులో నా గుండీ ఉంది.

నేను వద్దన్నాను. ఇది అక్కకిచ్చేయండి, నాకు చదువు మీద అంత యావ లేదు అని ఉన్నమాటే చెప్పాను. అక్క ఒప్పుకోలేదు. "ఎవురికొస్తే వాళ్ళే పోవల్ల. ఈ పొద్దు నాకిస్తే రేపు తిత్తిని ఎవురు నమ్ముతారు? పో, నీ సాలు నేను పడ్తాలే" అన్నది. అన్నమాట ప్రకారం ఆ సుగ్గి అంతా నేను నాలుగున్నరకు ఒడి విప్పి బడికి పోతే, నా సాలు మిగతా పదిమందీ పట్టాల్సింది పోయి ఎక్కువభాగం అక్కే పట్టింది. నలభై దాటిన వయసులో నేను అఆలు దిద్దింది అక్క నడుము మీద. ఇంటికి వచ్చి పలక దాని ముందు పెట్టి, రా, ఇద్దరం దిద్దుదాం అంటే, చేయి కొంగులో దాచుకునేది. నాకు రాదులే, రాసిపెట్టి లేదు అనేది. బోరేల మీద అక్షరాలు తడమడం కూడా మానేసింది. అది మానేసిందని నేను చాలా రోజులకు గాని గమనించలేదు.

ఆ తర్వాత ఇరవై ఏళ్ళలో అక్క దేనికీ చేయి చాపలేదు. ఇంటి పట్టాల జాబితాలో పేరు చూసుకోమంటే, ఉండదులే అని ఇంట్లోనే కూర్చుంది. ఉందని పక్కింటివాళ్ళు వచ్చి చెబితే, ఇంకెవరిదో అయి ఉంటుందన్నది. మనిషి దిగులుగా ఉండేది కాదు, నవ్వుతూ నవ్విస్తూనే ఉండేది గాని, ఏదైనా మంచి జరిగేచోట తాను పక్కకు జరిగి నిలబడడం దానికి అలవాటైపోయింది.

ఇదంతా ఆ ఆదివారం చిక్కుడుకాయలు పక్కన పెట్టి మా మనవరాలికి చెప్పాను. ఆ పిల్ల శ్రద్ధగా విని, పెన్నుతో పుస్తకం అంచున ఏదో లెక్క వేసి, ఒక్కసారి తీస్తే రాకపోవడానికి పదకొండులో పది వంతులు ఉంటుంది, ఏడుసార్లు వరసగా రాకపోవడమైనా సగంమందికి జరిగేదే, దానికి ఏడవవలసిన పని లేదు, తిత్తికి నిన్నటి సంగతి గుర్తుండదు కాబట్టి ఎనిమిదోసారి కూడా అదే పదకొండులో ఒక వంతు అని చెప్పింది. అయితే నాలుగేళ్ళలో ఎన్నిసార్లు తీసి ఉంటారని అడిగింది. తక్కువలో తక్కువ వంద దాటి ఉంటుందన్నాను. మళ్ళీ లెక్క వేసి, వందసార్లు వరసగా రాకపోవడమంటే పదివేలమందిలో ఒక్కరికి కూడా జరగదవ్వా అన్నది. చూడు మరి, అందుకే అక్కది అంత చెడ్డ రాత అన్నాను నేను. ఆ పిల్ల కాసేపు పెన్ను నోట్లో పెట్టుకొని ఆలోచించి ఒక ప్రశ్న వేసింది. పాతికేళ్ళలో మాలో ఒక్కరికీ తోచని ప్రశ్న.

"మరి కంపచెట్ల సాలుకు తీసినప్పుడన్నా పెద్దవ్వ గాజుముక్క వచ్చేదా?"

వచ్చేది కాదు. నీళ్ళబిందెకూ వచ్చేది కాదు. ఈ పొద్దు తప్పించుకున్నావులే అని ఎవరో అనేవాళ్ళు, అంతటితో మరిచిపోయేవాళ్ళం. రాని చీరను అందరం గుర్తుపెట్టుకున్నాం, రాని బిందెను ఎవరమూ గుర్తుపెట్టుకోలేదు. రాత నిజంగా చెడ్డదైతే చెడ్డవన్నీ అక్కకే రావాలి గదా. మంచిదీ రాలేదు, చెడ్డదీ రాలేదు. అసలు ఆ ముక్కే బయటికి రాలేదు.

అప్పుడు నాకు పెద్దత్త వేళ్ళు గుర్తొచ్చాయి. పత్తికాయ ఎండి విచ్చుకుంటే దాని అంచులు మొనదేలి సూదుల్లా ఉంటాయి. పత్తి విడిపించే ఆడమనిషి చూపు పక్కసాలులో మాట్లాడే మనిషి మీదే ఉంటుంది గాని కాయమీద ఉండదు, ఆ మొనలను తప్పించుకొని మెత్తటి దూదిని మాత్రం పట్టి లాగడం వేళ్ళు వాటంతటవే నేర్చుకుంటాయి. ముప్పై ఏళ్ళు పత్తి విడిపించిన పెద్దత్త వేళ్ళు తిత్తిలోకి పోయినా అదే పని చేశాయి. గుచ్చుకునేదాన్ని వదిలాయి, పట్టు దొరికినదాన్ని పట్టుకున్నాయి. పాపం ఆమె కళ్ళు మూసుకుంది, వేళ్ళను మూయలేదు గదా. నా గుండీ లావుగా, బెజ్జాలతో, వేలికొన ఆనుకోవడానికి వీలుగా ఉండేది. నాకు అదృష్టం ఎక్కువని ఊళ్ళో ఒక పేరు ఉండేది.

నమ్మకం కుదరక ఆ మధ్యాహ్నమే పరీక్ష పెట్టుకున్నాం. పాత రవికగుడ్డతో ఇరుకుమూతి తిత్తి ఒకటి కుట్టాను. గుండీ, గాజుముక్క, చింతపిక్క, సోడామూత, ఇట్లా పదకొండూ వెతికి చేర్చాం. కళ్ళు మూసుకొని తీసేది నేను, నోటుబుక్కులో నాలుగు నిలువు గీతలకు ఒక అడ్డగీతగా లెక్క పెట్టేది ఆ పిల్ల. ఎవరిదీ కావాలని తీయకూడదని నాకు నేను ఎంత చెప్పుకున్నా, నా వేళ్ళు కూడా పత్తి వేళ్ళే. వందసార్లు తీశాం. గుండీ కింద గీతల గుంపులు వరసగా నిలబడ్డాయి. గాజుముక్క ఒకే ఒక్కసారి వచ్చింది, అదీ దానంతటది కాదు, తిత్తి లోపలి దారప్పోగు చిక్కుకొని గవ్వతో పాటు వేలాడుతూ వచ్చింది. దాన్ని లెక్కలో వేయాలా వద్దా అని మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం.

బుధవారం పొద్దున్నే ఆ తిత్తి సంచిలో పెట్టుకొని ఎమ్మిగనూరు బస్సెక్కాను. అక్క, కూతురి ఇంట్లో ఉంటుంది. అల్లుడు మగ్గం నేస్తాడు, అక్క వాకిట్లో కూర్చొని కండెలకు నూలు చుడుతుంది. నన్ను చూడగానే రాట్నం ఆపింది.

"ఏమ్మే, సెప్పకుండ ఊడిపడితివి. ఎవురన్నా పోయినారా ఏంది?"

ఎవరూ పోలేదని చెప్పి, నీళ్ళు తాగి, తిత్తి తీసి దాని ముందు పెట్టాను. చూడగానే అక్క ముఖం చిన్నబోయింది, ఈ వయసులో ఇదేం పరాచికం అన్నట్టు చూసింది. ఏమీ చెప్పకుండా, కళ్ళు మూసుకొని ఒకటి తీయమన్నాను. ఒకటి తీసింది, చింతపిక్క. మళ్ళీ లోపలేసి మళ్ళీ తీయమన్నాను. గుండీ. మళ్ళీ గుండీ. అట్లా పదిసార్లు తీసిన తర్వాత ఒకసారి చేయి సగంలో ఉండగానే వేళ్ళు ముడుచుకొని, పక్కకు జరిగి, గవ్వను పట్టుకొచ్చాయి. అప్పుడు ఆపమని, ఇప్పుడు లోపల నీ వేలికి ఏం తగిలిందని అడిగాను. అక్క కళ్ళు తెరిచి తన వేలికొన చూసుకుంది. మగ్గం చప్పుడు కూడా ఆగింది, లోపలినుంచి అల్లుడూ కూతురూ తొంగి చూస్తున్నారు.

"అయితే నా రాత గాదా? నా గాజుదా?" అన్నది.

గాజుది కూడా కాదు, మన పదకొండు మంది తెలివిది అని, ఆదివారం నుంచి నేను మనసులో దిద్దుకుంటున్న సంగతంతా చెప్పాను. కంపచెట్ల సాలు సంగతి చెప్పినప్పుడు తల ఊపింది, అవును, నాకు ఆ సాలెప్పుడూ రాలేదు అన్నది. తర్వాత నిట్టూర్చింది.

"ఇన్నేండ్లు ఆ దేవున్ని ఊరికే తిట్టినాను గదే. పాపం, ఆయప్ప ఎంత నొచ్చుకున్నాడో ఏమో."

కూతురు ఫక్కున నవ్వింది గాని నాకు నవ్వు రాలేదు. నేను అక్షరాలు నేర్చుకున్నది నీ వంతులోనే అక్కా అన్నాను. ఆ మాట అనడానికే బస్సెక్కానని అప్పుడు గాని నాకు తెలియలేదు. అక్క నన్ను ఎగాదిగా చూసి, "గుండీ ఎక్కువ వస్తాదని తెలిసి ఏసినావా?" అని అడిగింది. లేదన్నాను. "మరింకేం. నాకు తెలిసుంటే నేను తాళంకప్ప ఏసిందును" అన్నది.

తర్వాత నేను ఆ రోజుల్లో చేయలేకపోయిన పని చేశాను. వాళ్ళ మనవడి నోటుబుక్కులోంచి ఒక కాగితం తీసుకొని, పదకొండు సమానమైన ముక్కలు చించి, మా గుంపులోని పదకొండు మంది పేర్లు, పోయినవాళ్ళవీ ఉన్నవాళ్ళవీ, ఒక్కొక్కటిగా రాసి, అన్నిటినీ ఒకేలా మడిచి తిత్తిలో వేశాను. నా చేతిరాత కుదురుగా ఉండదు, అయినా అక్క ఒక్కొక్క పేరు రాస్తున్నంతసేపూ ఇది ఎవరిది, ఇది ఎవరిది అని అడుగుతూనే ఉంది. ఇప్పుడు నాకెంత ఉంటుందని అడిగింది. పదకొండులో ఒక వంతు అన్నాను. మిగతావాళ్ళకో అంటే, వాళ్ళకూ అంతే అన్నాను.

"అందరికీ అంతేనంటే సాలు" అని, కళ్ళు మూసుకొని, ముఖం పెద్దత్తలాగే ఆకాశం వైపు తిప్పి, ఒక చీటీ తీసి నా చేతిలో పెట్టింది. విప్పి చదివాను. అది అక్కది కాదు. పెద్దత్తది.

"సచ్చి పదేండ్లయినా ఆయమ్మ వంతు ఇడ్సదు" అని అక్క పడిపడి నవ్వింది. తన పేరు రానందుకు దాని ముఖంలో ఏ మార్పూ లేదు. పాతికేళ్ళలో మొదటిసారి, తనది రాకపోతే అది ఉత్త రాకపోవడమే అయింది. నవ్వు ఆపాక, అందులో నాదేదో తీసియ్యమన్నది. ఇచ్చాను. మడత విప్పి, బోరేల మీద చేసినట్టే అక్షరాల మీద నెమ్మదిగా వేలు పోనిచ్చి, మళ్ళీ మడిచి కొంగున ముడి వేసుకుంది. సాయంత్రం బస్సు దగ్గరికి నన్ను సాగనంపడానికి వచ్చినప్పుడు దారిలో ఉన్నట్టుండి అడిగింది.

"ఆ బడికి చీటీలేమన్నా ఏస్తారా?"

వేయరు, వచ్చినవాళ్ళందరినీ చేర్చుకుంటారు అన్నాను.

"అందరినా? ఒక్కరే అని లేదా?" అని నిలబడిపోయింది. లేదన్నాను. "అట్లయితే పోయి సూస్తాలే" అన్నది.

శనివారం అక్క కూతురు ఫోను చేసి, అమ్మ పేరిచ్చి వచ్చింది, ముందు వరసలో కూర్చుంటానని ముందే చెప్పుకొని వచ్చింది అని చెప్పింది. మొన్న నేను మాట్లాడినప్పుడు అక్క, ఆ అక్షరాల్లో సగం తనకు ముందే తెలుసని, పేర్లే తెలియవని, బోరేల మీద చూసినవేనని గొప్పలు పోయింది. బడిలో చోటు ఎంతో ఉందట, వచ్చేవాళ్ళే ఏడుగురు.

ఆ మాట విన్నప్పటి నుంచి ఒకటే ఆలోచన. ఆ రోజుల్లో ఒక్క చోటు కోసం పదకొండు మందిమి తిత్తి చుట్టూ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. ఇప్పుడు చాపలు పరిచి ఉన్నాయి, టీచరమ్మ ఉంది, ఎవరి సాలు ఎవరూ పట్టనక్కరలేదు, మా పదకొండు మందిలో మాత్రం మిగిలింది నలుగురం. వదిన ఉండి ఉంటే నోటికొచ్చినట్టు ఏదో అని నవ్విస్తూ మూడో వరసలో కూర్చునేది. పెద్దత్త ఉండి ఉంటే, తన వేళ్ళు చేసిన పని తెలిసి ఎంత బాధపడేదో, అది తెలియకుండానే పోవడం ఒక విధంగా మంచిదేమో. మా మనవరాలి పుస్తకంలో ఆ ఒక్క వాక్యం, అన్నీ ఒకే పరిమాణంలో ఉన్నవి అనేది, పిల్లలు చదవకుండా దాటేస్తారట, లెక్క వేసేటప్పుడు దానితో పని పడదట. నేను మాత్రం ఏ లెక్క కనిపించినా ముందు దాని కింద వేలు పెట్టి చదువుకుంటాను. మిగతా పది చీటీలు నా దగ్గరే ఉన్నాయి, తిత్తిలో. అక్క చీటీ అక్క కొంగున ఉంది. ఇంకొక నెలకు దాన్ని తానే చదువుతానని, అప్పటిదాకా అందులో నేనేం రాశానో నమ్మనని అంటోంది.